జనవరిలో పొడుగు చేతులు

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న రొసారియోలో జనవరంటే నడివేసవి; ఎండ నిప్పులు చెరుగుతోంది. మానసిక వైద్యశాల పెరట్లో అతను సొరబుర్రలో, టీలా తాగే మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి, పీల్చే గొట్టంతో సహా ఆమెకిచ్చాడు. అతను ఒకప్పుడు మత్తు డాక్టరుగా పనిచేసిన ఆపరేషన్ థియేటర్ నుంచి ఇటు తొంగిచూసిన మొదటి మనిషి, సర్జన్ అయిన ఆమే.

“ఇంక చాల్లే, వచ్చెయ్. నీలా మత్తిచ్చేవాడు మాకు మళ్ళీ దొరకలేదు,” అందామె.

“రోగులకిచ్చే మత్తు నేనూ ఎక్కించుకున్నాను. ఆ మందుల బీరువా నన్నింకా మర్చిపోయుండదు.”

“మానేసి నాలుగేళ్ళయింది కదయ్యా! ఈ వయసులో కుర్రాళ్ళ పక్కన కూచుని పిచ్చాస్పత్రి చదువేంటి?”

“అక్కడ నేను సూది వేస్తే అందరూ నిద్రపోయేవాళ్ళు. ఇక్కడ ఎవరికీ నిద్ర పట్టదు. కూచుని వింటాను.”

“ఒంటరిగా అనిపించదూ?”

“అనిపిస్తుంది. సరేగానీ, ఇంత ఎండలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏంటి?”

“థియేటర్లో ఏసీ.”

“ఇది పెరడు.”

“నీకిప్పుడు అందరూ రోగుల్లాగే కనిపిస్తున్నారా?”

“సూది మచ్చలు కనబడకుండా రెండు ఎండాకాలాలు నేనూ పొడుగు చేతులే వేసుకున్నాను. పక్కనే ఉండి మీరెవరూ అడగలేదు. అందుకే అడుగుతున్నా.”

ఆమె మాతే చివరిదాకా పీల్చింది. అక్కడ, ఇక చాలనుకునేవాళ్ళు థాంక్స్ చెప్పి బుర్ర తిరిగిస్తారు. ఆమె ఆ మాట అనకుండానే తిరిగిచ్చింది.

“ఇంకోసారి పొయ్,” అంది, మణికట్టు దగ్గర గుండీ తడుముకుంటూ.