మామ వరస

హలో… ఆ, నేనేనమ్మా, సావిత్రిని… లేడు, ఆయన క్యాంపుకు పోయిండు. నీ ఫోనొచ్చిందని పక్కింటి రాజేశ్వర్ రావు సారు పిలిస్తే వాళ్లింటికి ఉరికొచ్చిన. పద్మ ఈడనే ఉన్నది, నా కొంగు ఇడుస్తలేదు…

ఏంది? పద్మను తీస్కపోనీకి తమ్ముడు బయల్దేరిండా?… అర్ధగంటైందా?…

వద్దమ్మా. పంపను… ఎండకాలం సెలవులకే గాదు, ఇంక ఎన్నడూ పంపను…

జర మెల్లగ మాట్లాడనియ్యి, సారోళ్లు ఇంటాండ్లు…

జరం గిరం ఏం లేదు. పొద్దున సంచిల గౌన్లు సర్దుతాంటె ఒక్కొక్కటి తీసి బయట పడేసింది. కోపమొచ్చి కొట్టిన గుడ. అప్పుడు చెప్పింది… తమ్ముని సంగతి, మన వెంకటేశ్వర్లు సంగతి. దసరకు మీ ఇంట్ల దాని మీద చెయ్యేసిండట. చెప్తే చంపుతనన్నడట…

అబద్ధమా? తొమ్మిదేండ్ల పిల్లకు ఇసొంటి అబద్ధం ఎవలు నేర్పుతరమ్మా…

అప్పుడే చెప్పింది గద. యాదికి లేదా? మనం బతుకమ్మకు సత్తు ముద్దలు కడ్తాంటె వంటింట్లకొచ్చి, మామ దగ్గర పండుకోను అన్నది. నువ్వేమన్నవ్? 'నీ మొగుడేనాయె, సిగ్గెందుకే' అన్నవ్. అందరం నవ్వినం. నేనే రెక్క పట్టుకపోయి వాని పక్కల పండబెట్టిన… నా చేతులతోనే, అమ్మా…

నేను ఏడుస్తలేను… ఆ, ఏడుస్తాన్న. ఏడ్వొద్దా?…

మామ వరసైతే? వరసైనోడైతే ఏమన్న చెయ్యొచ్చా?…

వానికి లగ్గం కుదురుతాందని నా బిడ్డ నోరు ముయ్యాల్నా? నిన్ననే ఎవలో పిల్లనిస్తమన్నరని, ఇది అన్నీ మర్చిపోవాల్నా?…

లేదు, గట్టిగనే మాట్లాడుత. ఇననియ్యి. సారోళ్లే గాదు, వాడకట్టంత ఇననియ్యి…

ఏమన్నవ్?… పంపకపోతే తల్లిగారిల్లు బందా?…



సరే. బందే అనుకో. నువ్వు లేకుండ ఎట్ల బతుకుతనో నాకు తెల్వది. గని పంపను…

ఆగు… స్కూటర్ సప్పుడు. మా ఇంటి ముందటనే ఆగింది. పిల్ల నా కొంగుల మొకం దాసుకున్నదమ్మా, నీకెట్ల చెప్పాలె…

సారూ, జర తలుపుకు గొళ్లెం పెట్టుండ్రి… ఆ, వాడే. లోపటికి రానియ్యకుండ్రి, మీ కాళ్లు మొక్కుత…

పెట్టేస్తాన్నమ్మా.

పద్మా… ఇటు చూడు బిడ్డా. నీ తప్పేం లేదు. నువ్వు చెప్పింది నేను ఇన్న. ఈసారి ఎవ్వలం నవ్వం.