ఎర్రపుంజు పాస్తా

(మణుగూరు దాటాక అడవి అంచున ఒక పల్లె. పొద్దు వాలుతోంది. వసారాలో అత్త నాగక్క, కోడలు ప్రమీల. లోపలి గదిలో ప్రమీల కూతురు భవాని పడుకుని ఉంది.)

"గట్ల కాదు ప్రమీలా. నేనడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. నా ఎర్రపుంజు ఏదీ?"

"ఏడనో మేస్తుంటది అత్తా. పొద్దుగూకితే అదే వస్తది."

"రోజు గంప ఎత్తంగనే నా కాళ్ల సందుల నుంచి ఉరికేది. ఇయ్యాల గంపల లేదు. పెంట మీద లేదు. ఇప్పచెట్టు కింద లేదు. బొజ్జయ్య ఇంటెనక గూడ చూసొచ్చిన."

"పిల్లి గిట్ల..."

"పిల్లా? నా పుంజును చూసి కుక్కలే పక్కకు జరుగుతయి. పిల్లి ఎత్తుకపోతదా?"

"జర మెల్లగ అత్తా. భవానికి ఇప్పుడే నిద్ర పట్టింది."

"ఏమన్న తిన్నదా?"

"లేదు."

"జావ పోసినవా?"

"పోసిన. నోట్లకెళ్లి కార్చింది."

"గుడ్డు పెట్టకపోయినవా?"

"పెట్టిన. గోడ దిక్కు తిరిగింది."

"జ్వరమైతే పోయింది గద పిల్లా!"

"పోయింది. అదే గద నా ఏడుపు. దవాఖానాల డాక్టరమ్మ ఏమన్నదో నువ్వు గూడ ఇన్నవు. రోగమేం లేదు, పిల్ల తింటలేదు, గిట్లనే ఉంటే రేపు ఖమ్మం తీస్కపోవాలె, ముక్కులకెళ్లి పైపు ఎయ్యాలె అన్నది. దాని చెయ్యి చూసినవా? గాజు పైకి జరిపితే మోచెయ్యి దాటి పోతంది."

"ఊకో. ఊకోమన్న. ఏడిస్తే పిల్లకు ఇనబడ్తది."

"అందుకే చేస్తున్న. ఇన్ని దినాల సంది అది నోరు తెరిచి అడిగింది ఒక్కటే. పాస్తా. చికెన్ పాస్తా."

"ఏంది, ఆ పాకెట్ల ఉన్న పుల్లముక్కలా?"

"పుల్లలు కాదు, గోధుమపిండివే. హాస్టల్ల ఎవరో దోస్తు చెప్పిందంట. నేను పనిచేసే క్వార్టర్ల మేడం ఇంట్ల చేసుడు చూస్త గద. మేడమే ఈ పాత కరెంటు కుక్కరిచ్చింది. పొద్దున అన్ని ఏసి, మూత పెట్టి, పనికి పోతే అయిపాయె. సాయంత్రం దాక దానంతటదే మెల్లగ ఉడుకుతది."

"చూసేటోళ్లు లేకుంట ఉడికేది అదేం కూర?"

"మేడం అయితే క్రీమేస్తది, చీజేస్తది. అవన్ని మనకెక్కడియి? నేను టమాట, ఎల్లిపాయ, ఉల్లిగడ్డ ఏసిన. చివరకు పాల పాకెట్ పోసి ఇంత గోధుమపిండి కలిపితే చిక్కగైతది. అదే క్రీమనుకోవాలె. పాస్తా అన్నిటికంటె ఎనక ఎయ్యాలె, ముందేస్తే గుజ్జయితది."

"చికెనో?"

"ఆ... చికెన్ గూడ ఏసిన."

"యాడిది?"

"చికెన్ సెంటర్ల."

"నువ్వు పని కాడి నుంచి ఇందాకనే వచ్చినవు. కుక్కరు పొద్దున పెట్టినవు. తెల్లారకముందే చికెన్ సెంటర్ ఎవడు తెరిచిండు నీకు?"

"జరుగత్తా, పాల పాకెట్ కత్తిరిచ్చుకొస్త."

"మూత తియ్యి."

"తియ్యొద్దత్తా. తీస్తే లోపలి వేడంత పోతదని మేడం..."

"నీ మేడం సంగతి నాకొద్దు. మూత తియ్యి."

"అత్తా, నీ కాళ్లు మొక్కుత."

"జరుగు, నేనే తీస్త. గీ తొడబొక్క చూడు. ఎంత లావున్నదో చూడు. పొద్దుగాల్ల నుంచి ఉడుకుతున్నా కండ బొక్కను ఇడుస్తలేదు. బాయిలర్ కోడైతే ఈపాటికి చారైపోయేది. ఇది నా పుంజు ప్రమీలా."

"అవ్."

"అవ్ అంటవేంది! అది మొక్కు పుంజని తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి కోసినవా?"

"తెలిసే కోసిన."

"ఓ నా తల్లీ! వేల్పు ముంగట నేనే గింజలేసిన. అది ముక్కుతోటి ముట్టింది. ముట్టినంక అది మన కోడి కాదు. పిల్ల లేచి నడిస్తే పుంజును తెచ్చి పెడ్తనని చెప్పుకున్న. పిల్ల లేవకముందే పుంజు లేకుంట చేసినవు. రేపు ఏం మొకం పెట్టుకొని పోవాలె నేను?"

"లేస్తే గద అత్తా. లేవకుంటే? పుంజు వాకిట్ల తిరుగుతనే ఉంటది, నా పిల్ల..."

"నోర్ముయ్! ఆ మాట నోట్లకెళ్లి రానియ్యకు."

"రానియ్యకుంట ఎట్లుండాలె? చేతిల ఉన్న పైసలు పాలకు, పాస్తాకు పోయినయి. పెట్టలన్ని మొన్న తెగులొచ్చి పోయినయి. ఆయన అశ్వారావుపేట పామాయిల్ తోటల్ల గెలలు కోస్తుండు, ఫోను కలుస్తలేదు. నేనెవరినడగాలె? తప్పు నా మీదికి రానీ, పిల్ల మీదికి రావద్దు అనుకుంట, అనుకుంట కోసిన."

"నువ్వనుకుంటే అయితదా? మన ఇంట్ల మొక్కు మాంసం ఆడోళ్లు ముట్టరు. ఈ ఇంటికొచ్చి ముసల్దాన్నైన, ఒక్క తునక ఎరగ. ఆడపిల్లకు పెడ్తనంటవా?"

"పెడ్త."

"పెట్టనియ్య."

"అత్తా, అడ్డం నిలబడకు. ఇయ్యాల నాకు ఎవ్వరడ్డమొచ్చినా... ఇదేంది? ఎర్రలైటు ఏది?"

"ఏ లైటు?"

"కుక్కరు లైటు! కరెంటు పోయింది. అయ్యో, పాస్తా ఇంక ఎయ్యనే లేదు. ముక్క ఉడకలేదు. ఇప్పుడు పోతే ఎప్పుడొస్తది?"

"అడవి లైను. ఎప్పుడొస్తదో ఎవరికెరుక?"

"జరుగు. ఈ లోపలి గిన్నె తీసి పొయ్యి మీద పెడ్త."

"అది పింగాణి తీరుగ ఉన్నది. నిప్పు తట్టుకుంటదా?"

"మన మట్టికుండ తట్టుకుంటలేదా? ఇది గూడ అసొంటిదే. ఊదు అత్తా, జర ఊదు."

"పొగ లోపలికి పోతంది. పిల్లకు దగ్గొస్తది. ఆ తలుపు ముయ్యి."

"అమ్మా! తలుపు ముయ్యకు! తలుపు ముయ్యకు!"

"ముయ్య బిడ్డా, ముయ్య. తెరిచే ఉన్నది చూడు. లేచినవా? ఇంకాసేపే. పాస్తా అయితంది. నువ్వడిగిందే. మంచిగ తిని లేస్తే సోమారం నేనే హాస్టల్ల దిగబెట్టొస్త. నీ దోస్తులందరు ఉంటరు. ఇనబడ్తందా? ... మళ్ల గోడ దిక్కు తిరిగింది అత్తా."

"తలుపంటే ఎందుకు గట్ల మొత్తుకుంటది?"

"ఇంటికొచ్చిన కాడి నుంచి గంతే. ఉక్కపోస్తుందేమో."

"ఇప్పుడేమన్న ఎండకాలమా, ఉక్కపొయ్యనీకి?"

"నాకేం తెల్వదు. నాకేం తోస్తలేదు. సదువు పోతంది, పానం పోతంది. జల్దీ కోలుకొని మళ్ల హాస్టల్ల పడితే చాలు. ఆడ మూడు పూటల తిండి ఉంటది, గుడ్డు పెడ్తరు, నీడపట్టున ఉంటది. నా లెక్క ఇండ్లల్ల గిన్నెలు తోమొద్దు... అయ్యో! టక్కుమన్నది!"

"ఏంది?"

"గిన్నె! పగిలింది అత్తా, గిన్నె పగిలింది! కారుతంది, అంత పొయ్యిల పోతంది!"

"జరుగు! జావకుండ అందుకో. జల్దీ! అడుగున పట్టు."

"కాల్తది, చేతులు కాల్తయి నీకు!"

"కాలనియ్యి! ఒంపుతున్న, నువ్వు కుండ కదిలియ్యకు. పట్టుకో... గట్టిగ పట్టుకో. ఆ. పడిందా?"

"పడింది. ముక్కలన్ని పడ్డయి. చారు సగం పోయింది. అత్తా, నీ అరచెయ్యి!"

"నీళ్లు పొయ్యి. ఊఁ. చాలు. పెంకులు పడ్డయేమో చూడు."

"పడలే. రెండు పలకలుగ చీలింది, అంతే. తినొద్దంటివి. పెట్టనియ్యనంటివి. మరెందుకు చెయ్యి పెట్టినవు అత్తా?"

"నాకేం ఎరుక? పొయ్యిల పోతుంటే చూసుకుంట కూసుంటనా? కుండల ఇంత నీళ్లు పొయ్యి. కట్టెలు బయటికి గుంజు. మంటొద్దు, నిప్పుల మీదనే ఉండాలె. ముదురు పుంజు జావ లెక్కనే కాగాలె. తొందరపడితే తాడైతది."

"ఆ మేడం గూడ గదే అన్నది. మెల్లగ ఉడకాలె అని."

"నీ మేడంకు చెప్పు, మా ఇంట్ల గా కుక్కరు ఎప్పటి నుంచో ఉన్నదని."

"నవ్విస్తవా అత్తా? నాకు నవ్వొస్తలేదు."

"నాకు మాత్రం వస్తందా?"

*

"చూడు, ఇప్పుడు బొక్క ఇడిసింది. ఎయ్యి నీ పుల్లముక్కలు."

"పాలు గూడ పోస్తున్న. కలుపు, మెల్లగ. అడుగంటొద్దు. ఇంత ఉప్పు."

"ఇవి ఉడికినయని ఎట్ల తెలుస్తది?"

"ఒకటి నోట్లేసుకొని చూడాలె."

"నువ్వే చూడు. నేను ముట్ట."

"అయింది. అయింది అత్తా! మేడం ఇంట్ల లెక్కనే వాసనొస్తంది. పళ్లెం ఇయ్యి."

"ఆగు."

"మళ్ల ఆపుతవా? చల్లారితే గడ్డకడ్తది. బతిలాడుకుంటున్న, ఇప్పుడాపకు."

"ఆపుతలేను. ముందుగాల ఒక మోదుగాకు తే. ఆకుల ఇంత పెట్టు. కార్జం పెట్టు. ఆ పుల్లముక్కలు గూడ పెట్టు, దానికి దాపరికమెందుకు?"

"వేల్పుకా? పాస్తానా?"

"దాని పుంజు దాంట్లనే ఉన్నది గద. ఎట్ల వండితే అట్ల తినమంట. నువ్విక్కడనే ఉండు. నేను అవతల గట్టు కాడ పెట్టి మన కోయమాటల చెప్పుకొనొస్త. తెలుగుల చెప్తే నాకు మాట కుదరదు."

"జల్దీ రా అత్తా."

...

"వచ్చినవా? ఏం చెప్పినవు?"

"చెప్పిన ఏదో ఒకటి."

"ఏం చెప్పినవు?"

"మొక్కింది నేను. మాట తప్పింది నా ఇల్లు. పిల్లకేం తెల్వదు, కోడలు కడుపుకోతల ఉన్నది, దాన్ని గూడ ఏమనకు అన్న. పుంజుకు బదులు ఏం కావాల్నో నన్ను తీస్కో అన్న."

"అత్తా!"

"ఎందుకేడుస్తవు? నా పళ్లు పోయినయి, కండ్లు పోయినయి. నన్ను తీస్కొని అదేం చేసుకుంటది? లోపలికి నడు, పళ్లెం చల్లారుతంది."

"భవానీ, లే బిడ్డా. ఆనుకొని కూసో. ఇటు చూడు, ఏం తెచ్చిన్నో చూడు."

"ఏంది?"

"పాస్తా. చికెన్ పాస్తా."

"నిజంగనా?"

"నిజంగనే. పాలు పోసిన, ఎర్రపుంజునేసిన. నాయనమ్మ చెయ్యి కాల్చుకున్నది నీ కోసం."

"మన ఎర్రపుంజా? నాయనమ్మ మొక్కు పుంజా?"

"అవ్. నోరు తెరువు. ఒక్క ముద్ద. నువ్వడిగిందే గద బిడ్డా, ఎందుకు నోరు ముడుస్తవు? ఇంకేం తేవాలె నేను? ఇంట్ల ఇంకేం లేదు. తిను. తింటే లేస్తవు, లేస్తే సోమారం..."

"నువ్వు చెయ్యలేవనుకున్న."

"ఏందీ?"

"మనింట్ల పాస్తా చేసుడు కాదనుకున్న. అందుకే అడిగిన."

"చేతగానిది ఎందుకడిగినవు తల్లీ? అమ్మను ఏడిపిచ్చెటందుకా?"

"అరవకు ప్రమీలా. పిల్లను చెప్పనియ్యి. చెప్పు బిడ్డా. నాయనమ్మ అడుగుతంది. ఎందుకడిగినవు?"

"తింటే లేస్త గద నాయనమ్మా."

"లేస్తే మంచిదే గద?"

"లేస్తే అమ్మ సోమారం తోల్తది. ఆడ జ్వరమొస్తే అందరికంటుతదని వేరే గదిల పెడ్తరు. బయటికెళ్లి గొళ్లెం పెడ్తరు. చీకట్ల నేను అమ్మా అమ్మా అని మొత్తుకున్న. తలుపు కొట్టిన. ఎవ్వరు రాలే. అమ్మ గూడ రాలే."

"భవానీ... నాకెందుకు చెప్పలే బిడ్డా? నేనా... నేనే రోజు నీ మంచం కాడ నిలబడి హాస్టల్, హాస్టల్ అని..."

"అమ్మా."

"ఆఁ తల్లీ."

"నాకు మస్తు ఆకలైతంది. మొత్తం తింట. తిన్నంక గూడ ఇంకా లేవలేదని వాళ్లకు చెప్తవా?"