హాస్టల్ ప్రతినిధి

అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయం ఆడిటోరియం. వేదిక వెనకాల సామాన్ల గది. పట్టపగలే అయినా గొడవలో ఎవరో ఫ్యూజు పీకేయడంతో గదిలో మసక చీకటి, బయటి నడవలో కటిక చీకటి. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు భరత్‌కుమార్, ఇందాక మైకు ముందు పులిలా గర్జించిన మనిషి, ఇప్పుడు పాత బ్యానర్ల చాటున పిల్లిలా నక్కాడు. అతనితో చదువుకున్నవాడూ, అదే సంఘంలో హాస్టల్లో ఉండి చదివినవాళ్ళ తరఫున హాస్టల్ ప్రతినిధీ అయిన జాకబ్, నెత్తురు కారే తలకు సన్మానం శాలువా చుట్టుకుని, గడియ వేసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. బయటినుంచి తలుపు మీద దెబ్బ మీద దెబ్బ.

"గడియ ఆగుతాదా జాకబ్? ఇంకో దెబ్బ పడితే ఊడొచ్చేట్లుండాది!"

"ఆగుతాదన్నా. పాతకాలం ఇనప గడియ. నువ్వు ఆడే ఉండు, ఇట్ల రావద్దు."

"నేనేంటికొస్తా! ఎంతమంది ఉండారు?"

"పదిమందికి తక్కువ లేరు."

"ఏమని అరుస్తాండారు? ఈ దరువులో నాకు ఒక్క ముక్క తెలీడం ల్యా."

"నీ పేరే అరుస్తాండారన్నా."

"నా పేరా! చూసినావా, నన్ను సంపేదానికే వచ్చినారు."

"సంపే మాదిరి ల్యా. తలుపు తీయమంటాండారు."

"తీస్తే దండేస్తారా? ...అబ్బా! అదేంది, రాయా?"

"కుర్చీ కాలు. ఇనప కుర్చీ. పొద్దున నేను దింపించిన కుర్చీలే."

"నీ తల ఎట్లుండాది?"

"కారతానే ఉండాది. శాలువా తడిసిపోయింది."

"అది ధర్మవరం పట్టురా! నీకు కప్పాలని నేనే పోయి ఏరి తెచ్చినా. పోనీలే, ఇంకోటి తెప్పిస్తా. హాస్టల్ నాయాళ్ళు! వాళ్ళ ప్రతినిధినే కొడతారా? సొంత మనిషినే?"

"అన్నా, కుర్చీ యా పక్కనుంచి వచ్చిందో నువ్వు చూసినావా?"

"చూసేదేముంది? గొడవంటే హాస్టలోళ్ళే. మనం చదివేటప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

"చూసినావా అని అడుగుతాండా."

"లేదప్పా. నా అద్దాలు అప్పుడే యాడో పడిపోయినాయి. నువ్వు చెయ్యి పట్టి ఈడికి లాక్కొస్తివి కాబట్టి బతికినా. ఈ మేలు మర్చిపోను."

"నేను చూసినా. రూతు మైకు పట్టుకోని మాట్లాడతాంటే ఆ కుర్చీ ఆమె మీదికి పోయింది. నేను అడ్డం పోయినా. దాన్ని ఇసిరింది—"

"రూతు! ఆ మడకశిర టీచరమ్మ పేరు నా ముందర ఎత్తొద్దు! అంతా ఆమె వల్లే. ఈసారి గూడా అధ్యక్షుడు నేనే, ఏకగ్రీవం అనుకున్నాం కదా అందరం? సుశీలమ్మ మేడం మనకు పాఠం చెప్పిన మనిషి, ఆమెను ఎన్నికల అధికారిగా కూర్చోబెట్టినాం. ఆమె లేచి 'పోటీకి ఇంకెవరన్నా ఉండారా' అని ఊరికే అడుగుతాది, ఎవరూ లేవరు, చప్పట్లు, దండలు, అన్నాలు. ఎన్ని తూర్లు జరగలా అట్ల? ఈమె లేచి 'నేనుండా మేడం' అంటాదా!"

"రూల్లో ఉండాదన్నా, ఎవరైనా—"

"రూలుంటే? మర్యాద ఉండొద్దా? సరే, నిలబడింది. అడిగేదేదో నన్నడగాల. నన్ను ఇడిచిపెట్టి అందరి ముందర నిన్ను అడిగింది సూడు, అదీ కుట్ర. ఏమో అడిగిందే, ఏమది?"

"'జాకబన్నా, నిన్ను మాకు ప్రతినిధిగా ఎన్నుకున్నది ఎవరన్నా?' అని."

"ఆఁ, అదే. నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పల్యా."

"ఏంటికి చెప్పల్యా? భరతన్న ఎన్నుకున్నాడని చెప్పేది! వేదిక మీద నీకు కుర్చీ వేయించింది నేను. శాలువా కప్పించింది నేను. ఫోటోలో పక్కన నిలబెట్టుకుండేది నేను."

"పేపర్లో వచ్చేసరికి నేనుండే కొస కోసేసుంటారన్నా."

"అది పేపరోళ్ళ తప్పు. ముదిగుబ్బలో గొర్రెలు కాసే ఇంట్లోనుంచి వచ్చినోడివి, ఎవడు పిలిచినాడు నిన్ను నేను తప్ప?"

"ఆ గొర్రెలు గూడా మావి కాదన్నా. కూలికి కాసినాం."

"అదే నేను చెప్పేది. ఆ విశ్వాసం ఉండాల."

"విశ్వాసం ఉండబట్టే గదన్నా ఇన్నాళ్ళూ. కుర్చీలు దింపేది నేనే, అన్నం వడ్డించేది నేనే, ఎంగిలాకులు ఎత్తించేది నేనే, నువ్వు చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేది గూడా నేనే. మనిద్దరిదీ ఒకే బ్యాచ్. నువ్వు నన్ను రేయ్ అంటావు, నేను నిన్ను అన్నా అంటా. వయసులో నేనే పెద్దోణ్ణి."

"ఇప్పుడా ఈ లెక్కలు? తలుపు ఇరిగిపోతాంది ఆడ!"

"ఇరగదులే. లేడీస్ హాస్టల్లో నీళ్ళు రావడం ల్యా, ట్యాంకర్ కాడ పిల్లోళ్ళు బిందెలతో తలలు పగలగొట్టుకుంటాండారని చెప్పాలని ఒక్కతూరి లేచినా. గుర్తుండాదా? 'కూర్చో జాకబ్, అన్నం సల్లారిపోతాది' అంటివి. కూర్చుంటి. అందరూ నవ్విరి. నేను గూడా నవ్వితి. ఆ నవ్వు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తాది."

"ఇది సేవ జాకబ్. స్వచ్ఛంద సేవ. నా యాపారం మానుకోని తిరుగుతాండా. దీంట్లో నాకేమన్నా జీతమొస్తాదా?"

"జీతం ల్యాని పనికి లారీలో మనుషులేంటికన్నా?"

"...నీకెవరు చెప్పినారు?"

"చెప్పేదేంటికి? గేటు బయట, బుక్కరాయసముద్రం రోడ్డులో నిలబడుండాది. నా కుర్చీల బండి పక్కనే. గోనె సంచుల కింద కట్టెలు."

"అయ్యో, భయంలో మర్చేపోయినా! ఆదెప్ప ఉండాడు గదా లారీ కాడ! నా ఫోను స్టేజీ మీద పడిపోయింది, నీది ఇట్లియ్యి. ...మోగతాండాదే, ఎవరది?"

"తెలిసినోళ్ళే. కట్ చేసినా."

"ఇయ్యి తొందరగా."

"ఒక్క నిమిషం అన్నా. ముందు నేను చెప్పేది ఇను. ఈ తలుపు అవతల ఉండేది—"

"నువ్వు వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవద్దు!"

"వకాల్తా కాదన్నా, వాళ్ళు ఎవరంటే—"

"ఎవరైతే నాకేంది! ఆ పెట్టె ఎక్కి, పైనుండే కిటికీలోంచి హాల్లోకి చూడు. మనోళ్ళు ఎవరన్నా కనపడతాండారా? నా బామ్మర్ది ఆనంద్ ఉండాడా?"

"...ఒక్కరూ కనపడల్యా అన్నా."

"ఒక్కరూనా? బాగా చూడు!"

"బాగానే చూసినా. మీవోళ్ళు ఒక్కరు గూడా హాల్లో ల్యా."

"పిరికి నాయాళ్ళు! పారిపోయినారు. ఆనంద్ గాడు గూడా! నా ఇంట్లో తిని, నా బండిలో తిరిగి... అక్క మొగుడు సస్తాంటే వదిలేసి పోతాడా! ఇంగ నాకు ఆదెప్పే దిక్కు. ఫోనియ్యి."

"ఇస్తా. ఒక మాట అడుగుతా. రూతును ఏం చేద్దామని?"

"జుట్టు పట్టి గేటు దాకా ఈడిపిస్తా. మళ్ళా ఈడ మైకు ముట్టుకోకూడదు ఆమె. ఓబన్న ఉండాడే, ఆమె లేస్తానే మద్దతు చెప్పినోడు, వానివి రెండు కాళ్ళు తీయిస్తా. నీకు బాధగా ఉండాదా? హాస్టల్లో నీ రూమ్మేటు గదా."

"ఉండాది."

"బాధపడు, నేనేం వద్దనను. కానీ సాయంత్రం పేపరోళ్ళ ముందర నువ్వే చెప్పాల. తప్పంతా మావోళ్ళదే, మేమందరం భరతన్న ఎంటే ఉండాం అని. ప్రతినిధివి గదా, నువ్వు చెప్తే వాళ్ళందరూ చెప్పినట్లే."

"...ఇదో అన్నా, ఫోను."

"ఆదెప్పా! నేనప్పా, భరత్‌ని. స్టేజీ ఎనక గదిలో ఇరుక్కున్నా, తలుపు పగలగొడతాండారు. మన పిల్లోళ్ళను దింపు. ఎనక వాకిలి నుంచి రాండి. నడవలో చీకటిగుంటాది, తడుముకోవద్దు. తలుపు కాడ ఉండేవాడు ఎవడైనా సరే—"

"అన్నా, మొగాలు చూసి కొట్టమను."

"ఉండప్పా ఆదెప్పా, ఈడొకడు... ఏంటికి చూడాలిరా?"

"వచ్చేవాళ్ళు ఈ ఊరోళ్ళు కాదు. ఎవరు ఎవరో వాళ్ళకు తెలీదు."

"తెలీకూడదనే ఏరి తెచ్చినాం! ఊరోళ్ళయితే మొగమాటం. వీడు మా మామ, వాడు మా చిన్నాయన అని చెయ్యి ఆడదు. పంచాయతీ ఎన్నికల్లో మా నాయన చేసిన పని ఇది, ఏనాడూ తప్పింది ల్యా. ...ఆదెప్పా, ఇంటాండావా? పేరు అడగొద్దు, మొగం చూడొద్దు. ఎవడన్నా 'నేను భరతన్న మనిషిని' అన్నా నమ్మొద్దు. దెబ్బలు పడేటప్పుడు అందరూ అదే అంటారు. లేవకుండా కొట్టండి!"

"...పెట్టేసినావా?"

"పెట్టేసినా. ఇంగ సూడు."

"మళ్ళా చేసి ఆపమని చెప్పన్నా. నీ మేలు కోరి చెప్తాండా. మాట ఇను, వాళ్ళు—"

"నా మేలా! కడుపులో అంతా వాళ్ళ మీద ప్రేమ పెట్టుకోని నా మేలంటాండావా? ఇంకో మాట మాట్లాడితే తలుపు తీసి నిన్ను గూడా ఆ గుంపులోకి తోస్తా. నోరు మూసుకో."

"సరేలే అన్నా."

"మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"అట్ల ఉండాల. ...వచ్చినారు! బూట్ల సప్పుడు ఇంటాండావా? ఆఁ! పడింది! తలుపుకు ఏం తగిలింది అది?"

"తల."

"ఇంకోటి! అట్ల కొట్టాల! అదేంది, కట్టె ఇరిగిందా?"

"కట్టె మాదిరి ల్యా. ఎముక."

"ఇరగనీ! మైకు పట్టుకుంటారా! కుర్చీలు ఇసురుతారా! నా మీదికే వస్తారా! ఆదెప్పా, వదలొద్దు!"

"ఇట్ల రావద్దన్నా, కాలికంటుతాది."

"ఏంది, నీళ్ళా?"

"నెత్తురు. తలుపు కిందనుంచి వస్తాంది."

"రానీ. ...పరిగెత్తుతాండారు. తరుముతాండారు మనోళ్ళు. ఒకడు మాత్రం ఈడే పడినాడు, మూలుగుతాండాడు, ఏడుస్తాండాడు. ఓబన్నేనా?"

"ఓబన్న కాదు."

"మరెవడు? ఉండు, దరువు ఆగింది, ఇప్పుడు ఇనపడతాంది. బావా, బావా అంటాండాడు. ...వాడు ఎవర్ని బావా అంటాండాడు జాకబ్?"

"నిన్నే. నీ బామ్మర్ది ఆనంద్."

"ఆనంద్ పారిపోయినాడు గదా!"

"పారిపోల్యా. రూతు మీదికి కుర్చీ ఇసిరింది ఆయప్పే, ఇంతసేపు ఈ తలుపు కొట్టిందీ ఆయప్పే. నేను నిన్ను లోపలికి తెచ్చి గడియ పెడితే, హాస్టలోడు నిన్ను ఎత్తుకపోయినాడనుకోని నీ మనుషులంతా ఈడికే ఉరికొచ్చినారు, నిన్ను ఇడిపించుకుండేదానికి."

"...మరి హాస్టలోళ్ళు? మీవోళ్ళు యాడ?"

"హాల్లోనే ఉండారు. అడ్డం వచ్చేవాళ్ళు ఎవరూ ల్యాకపోయేసరికి, సుశీలమ్మ మేడం ముందర వరుసగా నిలబడి ఓట్లేస్తాండారు. జరుగు భరత్, గడియ తీస్తా. నువ్వు మీ బామ్మర్దిని లేపుకో, నేను పోయి రూతుకు ఓటేసొస్తా."