నాలుగో లోపం

రోమ్ నగరం, 1972. పగటి ఆట విడిచాక, సినిమా హాలు ఎదుటి కాఫీ బార్‌లో పత్రికా సమీక్షకుడు బ్రెజ్జీ, అతని ఎదురుగా ఓ పెద్దావిడ.

"అది కాదు బాబూ, సినిమాలో రంగులు బాగున్నాయని రాశారు, ఒప్పుకున్నాను. సంగీతం బాగుందన్నారు, సరే. నా పిల్ల గొంతు మీకేం అపకారం చేసింది?"

"మీ పిల్ల... అందులో నటించిందా అమ్మా?"

"నటించింది ఆ స్వీడన్ పిల్ల. దానికి మన భాష ముక్క రాదు. పెదాలు కదిలితే చాలని సెట్లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదివిందట. వాటి మీద మాటలు అతికించింది మా అమ్మాయి నీవెస్."

"ఓహో, డబ్బింగ్."

"ఆఁ, డబ్బింగే. జనవరిలో స్కూటర్ మీంచి పడి చచ్చిపోయింది. ఫొటోలు పెట్టెడున్నాయి. గొంతు మాత్రం ఈ సినిమాలోనే ఉంది. పదకొండుసార్లు చూశాను."

"ఆ కత్తులూ, ఆ రక్తం... ఈ వయసులో ఎందుకమ్మా?"

"కళ్ళు మూసుకుని వింటాను. కాఫీ అడుగుతుంది. ఫోన్‌లో నవ్వుతుంది. ఇంట్లో ఎలా నవ్వేదో అలాగే."

"నేను సినిమాని తిట్టలేదమ్మా. హంతకుడి చేతులకి ఆ నల్ల తోలు తొడుగులు చూసి హాలంతా బిగుసుకుపోయిందని రాశాను. మెట్ల మీద సీను కూడా..."

"మాట దాటేయకండి. చెడ్డవేం రాశారు?"

"పోలీసులు మరీ మొద్దులు. హంతకుడెవరో పావుగంటకే తెలిసిపోతుంది. ఎందుకు చంపాడో చివర్లో చెప్పింది నమ్మేలా లేదు."

"నాలుగోది?"

"అదీ... అంటే..."

"కాగితం తెచ్చాను, చదవమంటారా? 'నాయిక గొంతు జలుబు చేసిన కప్పలా ఉంది.'"

"మా ఎడిటర్‌ది ఓ పద్ధతమ్మా. మంచివి నాలుగు, చెడ్డవి నాలుగు, సరిసమానంగా ఉండాలంటాడు. చెడ్డవి మూడే దొరికాయి."

"దొరక్కపోతే?"

"పేజీ అచ్చుకెళ్ళే వేళయింది. ఏదో ఒకటి రాసి పడేశాను."

"బాగోలేదనిపించే రాశారా?"

"లేదు. నిజం చెప్పాలంటే ఆ గొంతు ఎలా ఉందో నాకు గుర్తే లేదు."

"గుర్తే లేదు."

"రేపే దిద్దుకుంటాను. తప్పు నాదేనని నా పేరు పెట్టి రాస్తాను..."

"రాసి ఏం లాభం? మీ కప్ప మాట చదివి నిర్మాతకి నామోషీ అయింది. ఇంకో అమ్మాయి చేత అంతా మళ్ళీ చెప్పించాడు. పాత ప్రింట్లు వెనక్కి తెప్పించి తగలబెట్టించాడు. ఇవాళ పడింది కొత్తది."

"స్టూడియోలో టేపు ఉంటుందమ్మా. నేనొచ్చి అడుగుతాను, నా మాట వింటారు."

"నేను వెళ్ళలేదనుకున్నారా? దాన్ని చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కించారట. ఎప్పుడూ అంతేనట. నా ముందు టోపీ తీసి నిలబడ్డారు పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు."

"అయితే ఇంక... ఏమీ మిగల్లేదా?"

"ఎందుకు మిగల్లేదు, ఇప్పుడే విని వస్తున్నాను. కొత్తమ్మాయికి ఎన్నిసార్లు చేసినా కుదర్లేదట. అదొక్కటీ మా పిల్లదే ఉంచేశారు."

"ఏది?"

"వాడు చంపుతుంటే ఆ పిల్ల పెట్టే కేక."