పెన్సిల్ చుక్క దగ్గర ఆగిన చేయి

1993 జులై పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం మా కళాశాలలో తాత్కాలిక అధ్యాపకురాలిగా చేరిన మేడమ్ గారు, ముప్పై రెండేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారికి మొదట అప్పగించిన పాఠ్యాంశం వ్యాసరచన. వారానికి అరవై వ్యాసాలు చూడాలి, చూసినందుకు పేరేమీ రాదు. అందువల్ల ఆ రోజుల్లో దాన్ని కొత్తగా వచ్చినవారికి అంటగట్టేవారు. మేడమ్ గారు పాతబడిన తరువాత కూడా దాన్ని ఎవరికీ అంటగట్టలేదు.

మొదటి అంతస్తు చివర, సైకిల్ స్టాండు వైపు కిటికీలున్న గది వారిది. అక్కడ రాసినవారు నోరు మెదపకుండా కూర్చోవాలి. పక్కవారు ఆ వ్యాసాన్ని పైకి చదవాలి. చదివేవారు ఎక్కడ తడబడితే అక్కడ మేడమ్ గారు పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేవారు, అవసరమైతే దాని పక్కన ఒక ప్రశ్న రాసేవారు. వాక్యాన్ని కొట్టివేయడం గానీ, తమ మాటను చేర్చడం గానీ వారికి అలవాటు లేదు. ప్రతి వ్యాసాన్నీ మూడుసార్లు రాయవలసిందే. "ఈవిడ నిజంగానే చుక్కలు చూపిస్తారురా" అని వాపోయిన విద్యార్థులే వారికి 'చుక్కల మేడమ్' అని పేరు పెట్టారు. అది చెవిన పడినప్పుడు వారు బిరుదు అందుకున్నంత గంభీరంగా తల ఊపారని చెబుతారు. ఇంట్లో కూడా ఇదే వరస. ఒకసారి బదిలీ దరఖాస్తు చూసిపెట్టమని ఇచ్చిన భర్తగారు, కాగితం తిరిగి తీసుకుని, "ఏడు చుక్కలా? నేను ఇక్కడే ఉండిపోతానులే" అన్నారట.

1998లో వారి ఉద్యోగం స్థిరపడింది. 2004లో వారి పట్టుదల వల్లనే అర్ధ సంవత్సరపు వ్యాసరచన పాఠ్యాంశం పూర్తి సంవత్సరానికి విస్తరించింది. ఆనాటి సమావేశంలో ప్రిన్సిపాల్ గారు, "తప్పు కళ్లెదుట కనిపిస్తుంటే చేతులు కట్టుకు కూర్చోమంటారా మేడమ్?" అని అడిగారు. "కూర్చోవాలండీ. తప్పు పిల్లలది. దిద్దుకోవడమూ వాళ్ల పనే" అన్నారు మేడమ్ గారు. 2011లో శాఖాధిపతి అయినప్పటి నుంచి, మూడో ప్రతి దాకా వచ్చిన వ్యాసాలతో ఏటా ఒక సంపుటి వెలువరిస్తూ వచ్చారు.

పక్కనే ఉన్న ఉన్నత పాఠశాలలో భాష చెప్పుకునే నన్ను 2006లో సాయంత్రపు తరగతిలో వ్యాసాలు చూడడానికి పిలిచింది వారే. మొదటి రోజు నా చేతిలోని ఎర్రసిరా పెన్ను చూసి, "దాన్ని జేబులో పెట్టుకోండి మాస్టారూ. కంగారు పడకండి, తప్పులు ఎక్కడికీ పారిపోవు" అన్నారు. నేను నేర్చుకున్నాననే అనుకున్నాను.

మూడేళ్ల క్రితం మా అమ్మాయి వారి తరగతిలో చదివింది. బయటికి వెళ్లేటప్పుడు నేను తాళం సరిగా పడిందో లేదో చూడడానికి మూడుసార్లు వెనక్కి వెళ్లడం గురించి, తను వీధి మలుపులో నిలబడి ఎదురుచూడడం గురించి వ్యాసం రాసింది. "మూడోసారి నాన్న ఎందుకు వెళ్తారో నాకు తెలుసు" అన్నది రెండో ప్రతిలో చివరి వాక్యం. మేడమ్ గారు అక్కడ చుక్క పెట్టి, "ఎందుకు?" అని రాశారు. ఆ నోటుపుస్తకం తిరిగి మా అమ్మాయి చేతికి చేరలేదు. ఎనిమిది రోజుల జ్వరంతో తను వెళ్లిపోయింది.

రెండు నెలల తరువాత, వ్యాసాన్ని సంపుటిలో వేయడానికి నా అనుమతి కోరుతూ మేడమ్ గారు ఆ పుస్తకం నాకిచ్చారు. నేను వారం రోజులు ఉంచుకుని, ఆ ప్రశ్నకు జవాబుగా ఒక పేరా రాసి, మా అమ్మాయి రాసే ధోరణిలోనే రాసి, చివర జతపరిచి తిరిగి ఇచ్చాను. వారు అధ్యాపకుల గదిలో కూర్చుని దాన్ని రెండుసార్లు చదివారు.

"చాలా బాగా రాశారు మాస్టారూ. కానీ ఇది మీరు రాసింది."

"జవాబు నాకు తెలుసు మేడమ్. వెనక్కి వెళ్లేది నేనే కదా."

"మీరెందుకు వెళ్తారో మీకు తెలుసు. తను ఏమనుకుందో మనిద్దరికీ తెలియదు. ఇది అచ్చు వేస్తే, తన మాట ఎక్కడ ఆగిందో ఇక ఎవరికీ కనబడదు."

"మూడో ప్రతి లేకుండా సంపుటిలో వేయకూడదన్న నియమం మీదే."

"నాదే. దాని సంగతి నేను చూసుకుంటాను."

తరువాత కిటికీ వైపు చూస్తూ అన్నారు: "సోమవారం ఇవ్వాల్సిన పుస్తకం మాస్టారూ అది. పరీక్షల పని మీద పడి బుధవారానికి వాయిదా వేశాను. ఇన్నేళ్లలో అదొక్కసారే. తనకు మంగళవారం జ్వరం వచ్చింది."

నేను నా పేరా ఉన్న కాగితాన్ని విడదీసి తీసుకున్నాను.

ఆ ఏటి సంపుటిలో మా అమ్మాయి వ్యాసం, 'రెండవ ప్రతి' అన్న సూచనతో, పక్కన ఆ ఒక్క ప్రశ్నతో, కింద అర పేజీ ఖాళీతో అచ్చయింది. మా ఇంట్లో తన ఫొటోలున్నాయి, దుస్తులున్నాయి. తన గొంతు మాత్రం ఆ పేజీలోనే ఉంది. దాని మీద నా గొంతు పడకుండా కాపాడినవారు మేడమ్ గారు. అప్పుడు వారికి నేను కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పుడు, సహోద్యోగుల సమక్షంలో, వారి కుటుంబ సభ్యుల సమక్షంలో చెప్పుకుంటున్నాను.

ఇలాంటి వ్యాసాల చివర దీర్ఘాయుష్షు కోరడం ఆనవాయితీ. ఈ మూడేళ్లలో ఎందరో మిత్రుల సన్మాన పత్రాలు రాశాను, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడక వేరే ఏదో రాసి ముగించాను. ఈరోజు మేడమ్ గారి కోసం, ఆ మాట బరువు తెలిసి రాస్తున్నాను. వారికి ఆరోగ్యం, మంచి కంటిచూపు, తీరికైన ఉదయాలు లభించాలి. వారు దీర్ఘాయుష్షుతో ఉండాలి.