పది లెక్కపెట్టేలోగా

టీవీ స్టూడియోలో లెక్కల పాఠం బోర్డు ఊడదీస్తున్నారు. ఆ పాఠం చెప్పే టీచరమ్మ ఒక్కచోట నిలబడలేక డైరెక్టర్ చుట్టూ తిరుగుతోంది.

"ఇరవై ఏళ్ల పాఠం నాయనా! మాటమాత్రమైనా చెప్పకుండా ఎత్తేస్తారా?"

"పైవాళ్ల నిర్ణయం టీచర్. రేపట్నుంచి ఇక్కడ రియాలిటీ షో. దానికే మీ సాయం కావాలి."

"నాతో ఏం పని?"

"ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగేవారు కదా? అది మా యాంకర్‌కి నేర్పండి. ఎవరు ఓడిపోయారో చెప్పేముందు అలా ఆగాలి."

"నేను ఆగేది ఇళ్లల్లో పిల్లలు జవాబు చెబుతారని!"

"తెలుసు టీచర్. టీవీ ముందు నిలబడి నేనూ అరిచి చెప్పేవాణ్ణి."

"మరి ఇప్పుడు ఆ పది అంకెలసేపూ పిల్లలేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదండీ. ఛానల్ మార్చకుండా ఉంటే చాలు."