యంత్రములు బాగుచేయబడును

మా ఊళ్ళో వరాలని ఉండేదండి, మాట తక్కువ, మొండితనం ఎక్కువ. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో తొక్కలు ఒలిచీ ఒలిచీ దాని వేళ్ళు పాసిపోయినాయి, అన్నం కలుపుకుంటే మంటెక్కి ఏడ్చేదంట. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి కుట్టు మిషన్లు బాగుచేసేవోడు, ఆయన పక్కన కూచుని ఆ పనంతా నేర్చేసుకుంది. ఒకరోజు మొగుడితో అందంట, నేనింక షెడ్డుకి పోను, మన అరుగు మీదే మిషన్లు బాగుచేస్తాను అని. ఆ మొగుడు అబ్బులు అదోలా చూసి, సరేనే, అమాస దాకా చూస్తాను, ఒక్క మిషనన్నా రాకపోతే నోరు మూసుకుని షెడ్డు ఆటో ఎక్కాలి అన్నాడు. ఆడికేం, ఆడి వేళ్ళు బాగానే ఉన్నాయిగా!

మరి బోర్డు కావాలి కదండీ. రంగుల వెంకన్నకి చెప్పింది. ఆడికేమో పండితుడినని ఓ ఇది. మిషనంటే ఇంగ్లీషమ్మా, నా కుంచెతో రాయను అని, 'యంత్రములు బాగుచేయబడును' అని ఇంతింత అచ్చరాలు రాసి పడేసేడు. ముందర 'కుట్టు' అని ఉండాలి కదా అంటే, రేకు చాల్లేదు అన్నాడంట. ఇంక ఏమైందంటే, మనూళ్ళో యంత్రమంటే ఏంటి? చెప్పండి. ఆఁ, మొలకి కట్టుకునేదే! తెల్లారేసరికి అరుగు నిండా జనం. ఒకావిడ తాయెత్తు తెచ్చి, ఇది మా ఆయన తాగుడు మానాలని కట్టించేనమ్మా, కట్టించేక ఇంకో సీసా ఎక్కువ తాగుతున్నాడు, తిరగేసి కట్టేరేమో చూడు అంది. ఇంకోడు గేదె మెళ్ళో యంత్రం ఇప్పుకొచ్చి, ఇది కట్టినకాడినించీ పాలివ్వటం మానేసి తన్నటం నేర్చుకుంది అన్నాడు. బాబూ, నేను బాగుచేసేది బట్టలు కుట్టేవి అంటే, బోర్డు మీద రాసుకుని మళ్ళీ కాదంటావేంటని తగువు. రోజూ ఇదే. మిషను మాత్రం ఒక్కటీ రాలేదు. అమాస రేపనగా అబ్బులు ఆటోవాడితో మాట్లాడేసేడు కూడా.

ఊళ్ళో యంత్రాలు కట్టేది ఎవరనుకున్నారు, గున్నయ్య. పంచె ఎగ్గట్టుకుని ఆ రోజే ఊడిపడ్డాడు. "ఒసేయ్, నా యంత్రాలు పాడవుతాయని బోర్డు పెడతావా? పీకు దాన్ని!" అని గొడవ. ఊరంతా పోగయ్యేరు. సరిగ్గా అప్పుడే గున్నయ్య పెళ్ళాం నూకాలు, మిషను తలకాయ చంకనేసుకుని వచ్చింది. "ఆయన అరుపులకేం గానీ, ముందు దీన్ని చూడవే వరాలూ. నరఘోష తగలకూడదని ఈయన పోయినవారం దీనికి యంత్రం కట్టేడు. అది ఎక్కడ పడిపోయిందో ఏమో, అప్పట్నించీ చక్రం తిరగట్లేదు. పెళ్ళివారి జాకెట్లు అలాగే ఉండిపోయినాయి" అంది. గున్నయ్య ఎగిరి గంతేసేడు. "విన్నారా! నా యంత్రం పోయింది, మిషను ఆగింది! ఒసేయ్ వరాలూ, దాన్ని తిప్పితే బోర్డు ఉంచుకో. తిప్పలేకపోతే నేనే పీకేస్తా" అన్నాడు.

వరాలికి రేపటి ఐసు నీళ్ళు కళ్ళముందు కనపడుతున్నాయంట పాపం. మిషను పక్కకి వాల్చింది, మరలు ఇప్పింది, బాబిన్ తీసింది, లోపలికి పట్టకారు పెట్టి లాగింది. నల్లదారం వచ్చింది. ఇంకా లాగింది, ఇంకా వచ్చింది. చివర్న ఏమొచ్చిందనుకున్నారు? చుట్టచుట్టిన రాగిరేకు! గున్నయ్య కట్టిన యంత్రమేనండి బాబూ, ముడి ఊడి లోపలికి జారి అడ్డం పడింది. నాలుగు చుక్కలు నూనె పోసి చక్రం తిప్పితే, టకటకా టకటకా ఒకటే పరుగు. వరాలు ఆ రేకు గున్నయ్య చేతిలో పెట్టి, "ఇదిగో మావయ్యా, ఈ రకం బాగుచెయ్యటం నాకు రాదు, నువ్వే చేసుకో" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నూకాలేనంట.

మర్నాడు ఆటో వచ్చి హారను కొడితే అబ్బులే ఎళ్ళి పంపించేసేడు. అప్పటికే అరుగు మీద మూడు మిషన్లున్నాయి. వెంకన్న 'కుట్టు' రాస్తానని కుంచె పట్టుకొస్తే, వద్దులే, అలాగే ఉండనీ అందంట వరాలు.

ఏంట్రా మనవడా, ఆ నవ్వు? గున్నయ్య యంత్రం నీ మొలకీ ఉందిగా తాతా అనేగా? ఉంది. కట్టించి పన్నెండేళ్ళయింది, ఇంతవరకూ పాడవలేదు. పాడవ్వాలంటే ముందు ఒక్కరోజన్నా పనిచెయ్యాలి కదరా!